నలభై రెండు మందికి భోజనాలు

ఆరో తరగతికి లెక్కల్లో సంఖ్యల సవరింపు (రౌండింగ్) పాఠం చెప్పి, స్లిప్ టెస్టులో ఓ లెక్క ఇచ్చాను: 'మీ ఇంటికి నలభై రెండు మంది భోజనానికి వస్తున్నారు. ఆ సంఖ్యను దగ్గరి పదికి సవరించండి.' క్లాసంతా యాభై అని రాసింది. ఒకరిది చూసి ఒకరు రాశారనుకుని నాకు ఒళ్లు మండింది.

"నలభై కదర్రా!" అని అరిచాను.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "నలభై మందికే వండితే మిగతా ఇద్దరూ ఏం తింటారండీ?"

ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర వాపోయాను.

"యాభయ్యేంటండీ? నేనైతే అరవై మందికి వండిస్తాను" అంది.

మర్నాడు జవాబు జోలికి పోకుండా ప్రశ్నే మార్చాను. భోజనాలు తీసేసి, నర్సరీలో నలభై రెండు గులాబీ మొక్కలు పెట్టాను.

అందరూ నలభై అనే రాశారు.