బావ కూర్చోని కుర్చీ

మా బావ మీద నాకు కోపం ఇవాళ్టిది కాదు. కడుపులో దాచుకునే రకాన్నీ కాదు నేను. బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. చేతిలో ఒక సూది, నోట్లో ఒక సూది అని ఆయనే అంటాడు. నన్ను పిలిచేది కూడా సూదిపిల్లా అనే. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను.

మా అక్క మొగుడు ఊరి నడిబొడ్డున, పోస్టాఫీసు ఎదుటి రెస్టారెంట్లో ఇరవై ఎనిమిదేళ్ళు సర్వరు. ఎలాంటి సర్వరంటే, మీరు నీళ్ళ కోసం తలెత్తేలోపు గ్లాసు నిండిపోయేది. "చెయ్యెత్తి పిలిపించుకున్నానంటే నేను పనిలో లేనట్టే" అనేవాడు. ఎడమ ముంజేతి మీద మడిచిన తువ్వాలు, తెల్లచొక్కా, కాలు ఒకచోట నిలవదు. ఇంట్లోనూ అదే వరస. అక్క తింటుంటే పక్కన నిలబడి వడ్డించేవాడు. తను మాత్రం వంటింటి గట్టుకి ఆనుకుని నాలుగు ముద్దలు గబగబా మింగేవాడు. "నీకేమే, మహారాణివి" అని పక్కింటి ఆడవాళ్ళు అక్కని ఉడికించేవాళ్ళు. అది నవ్వి ఊరుకునేది. దాని కోరికల్లా ఒక్కటే. ఆ రెస్టారెంట్లో, కిటికీ పక్క టేబులు దగ్గర, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కపూట తినాలి. అంతే.

"నేను కూర్చుంటే నాతోటివాడు నాకు వడ్డించాలి. ఏం బావుంటుంది చెప్పు?" అని బావ ఏటికేడు దాటవేశాడు.

నిరుడు ఓనరు రెస్టారెంటు మూసేస్తున్నానని చెప్పాడు. అప్పటికే అక్క మనిషి సగమైపోయింది. డాక్టరు బావనీ నన్నూ పక్కకి పిలిచి చెప్పాల్సింది చెప్పేశాడు. అక్కకి మేం చెప్పలేదు గానీ, దానికి తెలియదనుకుంటే మా అంత వెర్రివాళ్ళు ఉండరు. ఇంటికొచ్చాక బావ, "ఆఖరి రోజు మధ్యాహ్నం కిటికీ పక్క టేబులు మనదే" అన్నాడు. అక్క ముఖం చూడాలి అప్పుడు! మూడు రోజులు ఎవరు కనబడినా అదే మాట చెప్పింది.

బావకి నేను ఆకుపచ్చ గళ్ళ చొక్కా కుట్టిచ్చాను. తెల్లచొక్కా వేసుకుంటే ఇంకేముంది, ఎవరో ఒకరు పిలవనే పిలుస్తారు. "ఈ చొక్కాలో నువ్వు సర్వరువి కాదు, మా అక్క మొగుడివి. గుర్తుంచుకో" అన్నాను. "చిత్తం" అన్నాడు.

మెట్లెక్కడానికి అక్కకి చెయ్యి కావాలి కాబట్టి నేనూ వెళ్ళాను. వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి గుమ్మం పక్కనున్న బల్ల మీద కూలబడ్డాను. మూసేస్తున్నారని తెలిసి ఊరంతా ఆ పూటే విరుచుకుపడింది. సర్వర్లలో సగంమంది అప్పటికే వేరేచోట పని చూసుకున్నారు. ఉన్న ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. బావేమో కుర్చీ అంచున, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. సూపు వచ్చింది. అక్క చెంచా ఎత్తింది.

మూల టేబులు దగ్గర, పాతికేళ్ళుగా వస్తున్న ముసలి లెక్చరరుగారు నీళ్ళ కోసం అటూ ఇటూ చూశారు. చెయ్యైనా ఎత్తలేదు పాపం. బావ లేచాడు.

"ఒక్క నిమిషం" అని వెళ్ళినవాడు అటునుంచటే పక్క టేబులుకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి. తువ్వాలు ఎప్పుడు అందుకున్నాడో, గళ్ళ చొక్కా చేతి మీద మడత పెట్టి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేవబోతే, వద్దన్నట్టు అక్క అంత దూరం నుంచే తలూపింది. ఆయన సూపు చల్లారి మీగడ కట్టింది.

కాసేపటికి అన్నం, కూర పట్టుకుని తనే వచ్చాడు. అక్కకి వడ్డించి, కాస్త వంగి, అలవాటు కొద్దీ, "ఇంకేమైనా కావాలా మేడం?" అన్నాడు.

అక్క తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "కావాలండీ. మా ఆయన్ని కాస్త పంపిస్తారా?" అంది.

చుట్టుపక్కల వాళ్ళు గొల్లున నవ్వారు. బావ కూడా నాలిక్కరుచుకుని నవ్వేశాడు. "వస్తున్నా, ఇదిగో వచ్చేస్తున్నా" అన్నాడు. ఐస్‌క్రీం కరిగి నీళ్ళయ్యాక వచ్చాడు. అప్పటిదాకా అక్క నాలుగు మెతుకులు కెలికి, చెయ్యి తుడుచుకుని, ఎదుటి కుర్చీ వంక చూస్తూ కూర్చుంది. తిరిగొస్తుంటే, "భోజనం ఎలా ఉందే?" అని అడిగాను. "మీ బావ బాగా వడ్డించారు" అంది.

నాలుగు నెలలకి అక్క పోయింది. మంచంలో ఉన్నన్నాళ్ళూ బావ దాని పక్క నుంచి కదల్లేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. గంటలకి గంటలు కూర్చునే ఉన్నాడు. కానీ అప్పటికి దాని గొంతులో గంజి కూడా దిగడం లేదు. ఆ రెస్టారెంటున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. కిటికీకి పెద్ద బొమ్మ అతికించారు, లోపల ఏముందో కనబడదు.

మొన్న బావ నన్ను మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. తనే వండాడు. అదే గళ్ళ చొక్కా. నేను తింటుంటే పక్కన నిలబడి వడ్డిస్తున్నాడు. ఏడాదిగా రగులుతున్న కోపం ఇక ఆగలేదు. "కూర్చుని తగలడు బావా! ఇంకా ఎవరికోసం ఈ సర్వీసు?" అన్నాను.

ఆయన విననట్టే కూర గిన్నె ఎత్తాడు. "ఇంకేమైనా కావాలా" అని, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. గిన్నె కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయన బల్ల దగ్గర కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"లెక్చరరుగారికి నీళ్ళు ఇంకెవరైనా పోసేవాళ్ళే సూదిపిల్లా" అన్నాడు. "మీ అక్క ఎదురుగా కూర్చోవలసింది నేనొక్కణ్ణేగా."

ఆపైన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ మాట ఆయన నోటివెంట రావాలనే ఏడాదిగా కాచుక్కూర్చున్నాను. తీరా వచ్చాక నేను బావుకున్నదేమిటి? లేచి ఇంకో ప్లేటు తెచ్చి, ఆయన ముందు పెట్టి, ఇంత అన్నం వడ్డించాను. మళ్ళీ వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"తిను బావా, చల్లారిపోతోంది" అన్నాను.