పిడికెడు బియ్యం, బస్తాడు భయం

మొన్న మా మేనల్లుడు కారు నడుపుతుండగా అతని చేతి గడియారం ఉన్నట్టుండి మోగి, గుండె వేగం పెరిగింది, కాస్త నిదానంగా ఊపిరి పీల్చుకోమని సలహా చెప్పింది; వాడు బుద్ధిగా పీల్చుకున్నాడు కూడా. పక్క సీట్లో ఉన్న నాకు నవ్వు ఆగలేదు. మన రోజుల్లో గుండె దడ కనిపెట్టడానికి గడియారాలు లేవండీ, అమ్మలుండేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీకి బస్సు నడిపేవాణ్ణి. శామీర్‌పేటలో పిల్లల్ని ఎక్కించుకొని, చెరువు పక్క మలుపు తిరిగి, మేడ్చల్ మీదుగా వాళ్ళను చేరవేయడం నా పని. నాయిన పోయాక మా ఇంటికి ఆధారం ఆ స్టీరింగే. ఒక వానాకాలం పొద్దున ఆ మలుపులో బస్సు జారింది. ఎవరికీ గోరంత గాయం కాలేదు గానీ, ముందు చక్రం సరిగ్గా నీటి అంచున ఆగింది. ఎంత అంచునంటే, ఒక కొరమీను తల పైకెత్తి, దిగుతావా వెళ్తావా అన్నట్టు నా వంక చూసింది. నమ్మకపోతే మీ ఇష్టం, అప్పట్లో మా వాడకట్టంతా నమ్మింది.

ఆ తర్వాత తాళంచెవి చేతిలోకి తీసుకుంటే చాలు, బ్రేకు పడకపోతే, టైరు పేలితే, గేదె అడ్డమొస్తే అంటూ ఒక భయం తోక పట్టుకొని ఇంకొకటి వచ్చేది. కడుపునొప్పి, జ్వరం అంటూ సెలవులు పెడుతూ పోయాను. చివరికి కాలేజీలో బస్సుల అజమాయిషీ చూసే పెద్దమనిషి ఇంటికే వచ్చి అమ్మ ముందు తేల్చేశాడు. “సోమవారం నువ్వన్న రావాలె, తాళంచెవన్న రావాలె.”

మా చర్చి సంఘంలో ప్రతి ఇంటా ఒక అలవాటుండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసి, విడిగా ఉంచిన కుండలో వేసేవారు; ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్ళేది. కుండలో పడింది దేవునిది, ఇంట్లో గింజ లేకపోయినా అందులో మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. ఆ పెద్దమనిషి వెళ్ళగానే అమ్మ నన్ను కుండ ముందు కూర్చోబెట్టింది.

“గీ పిడికిట్ల బియ్యం వట్టుకో. నీ పరేషాన్ దేవునికి జెప్పి కుండల ఎయ్యి. ఏసినంక అది ఆయనది, మల్ల తీసుడు లేదు.”

అమ్మ చెప్పింది ఒక పిడికెడే. నా భయాలు ఒకటా రెండా! మరునాడు అమ్మ పనికి వెళ్ళగానే కూర్చొని బ్రేకుకొకటి, టైరుకొకటి, గేదెకొకటి, దాని వెనకొచ్చే దూడకొకటి, నాకు పిల్లనెవరూ ఇవ్వకపోతే దానికొకటి అంటూ పేరుపేరునా ప్రార్థించి వేశాను. కుండ నిండింది, పక్కన బిందె నిండింది. అమ్మ తిరిగొచ్చేసరికి ఇంట్లో బియ్యం డబ్బా అడుగు తళతళా మెరుస్తోంది. తీసుకోవడానికి వీల్లేదాయె! “ఓరి నీ భయం పాడుగాను, దేవునికి గోదాం గట్టియ్యాలె గదరా” అని తిట్టుకుంటూనే అమ్మ ఆదివారం దాకా జొన్న గట్క కలిపి పెట్టింది.

చర్చిలో మా బిందె, కుండ చూసి పాస్టరయ్యగారు, పొలమేమైనా కొన్నారా అని అడిగారు. అమ్మ అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. అయ్యగారూ కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వి, నా భుజం మీద చెయ్యి వేశారు.

“బిడ్డా, ఏ పూట పిడికెడు ఆ పూటనే తియ్యాలె. అన్నీ ఇయ్యాల్నే ఒడగొడితే, రేపు దేవునితోని ఏం మాట్లాడ్తవ్?”

సోమవారం పొద్దున, పక్కింట్లో అడిగి తెచ్చిన బియ్యంలోంచి ఒక్క పిడికెడు తీశాను. ప్రభువా, ఈ పూటకు ఆ మలుపొక్కటే అని వేసి బయల్దేరాను. భయం పోయిందనుకుంటున్నారేమో, లేదు. నాకంటే ముందే బస్సెక్కి కూర్చొని, టైరు సంగతేమిటని అడిగింది. అది రేపటి పిడికిలి అన్నాను. మలుపు దగ్గర పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. “అన్నా, జర పైలం!” అని వెనక నుంచి ఒక అమ్మాయి గొంతు. రెండో గేరులో, పైకి వినబడేలా ప్రార్థిస్తూ తిప్పాను. నీళ్ళు పక్కకు జరిగాయి, రోడ్డు ఎదురొచ్చింది, బస్సంతా ఒక్కసారిగా కేక వేసింది. అక్కణ్ణుంచి నేను కొట్టిన హారన్‌కు మేడ్చల్ రైలు భయపడి పక్క పట్టాల మీదికి తప్పుకుంది. కాలేజీ గేటు దగ్గర ఆ పెద్దమనిషి తాళంచెవి కోసం చాచిన చేత్తోనే నాకు ఛాయ్ అందించాడు.

తర్వాత ఎన్నేళ్ళు ఆ మలుపు తిరిగానో. చర్చి వెనక గదుల్లో ఉండే దిక్కులేని ముసలమ్మలు ఆ బియ్యమే వండుకునేవారు. ఒకామె నన్ను ఎక్కడ చూసినా, “నీ భయం మస్తు రుచిగుండెరా, ఇంకింత పంపు” అనేది. ఇప్పుడు చర్చికిచ్చే కానుక ఫోన్లోంచే వెళ్ళిపోతోంది. తప్పనను, ముసలివాళ్ళకు అన్నం అందుతూనే ఉంది. పంపేవాడి పిడికిలి మాత్రం తెరుచుకోవడం లేదేమోనని, అందులోని భయం అందులోనే ఉండిపోతోందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.