నూట ముప్పై డిగ్రీల కూర్చోడం

2022 వానాకాలం చివర్లో ఉదయగిరి నుంచి మస్తాన్‌బీ మా ఆత్మకూరు ఎముకల ఆసుపత్రికి వచ్చింది. అప్పటికి ఆమె కుడి మోకాలు పోగొట్టుకున్నవి ఇవి: వంగడంలో చివరి నలభై డిగ్రీలు, చాపడంలో చివరి పదిహేను, నేల మీద కూర్చోవడం, నమాజులో నుదురు నేలకు ఆనించడం, బస్సు మొదటి మెట్టు, నిద్రలో పక్కకు తిరగడం. అన్నిటికన్నా చివర పోయింది పని.

ఆమెది నర్ది అనే అడవి చెక్కతో గరిటెలు, చెంచాలు చేసే ఇల్లు. ఆ ఇంట్లో అందరూ ఒకే తీరుగా కూర్చుంటారు. కుడికాలు పూర్తిగా మడిచి, ఎడమకాలు చాపి, చెక్కను ఎడమ మడమతో దిమ్మకు అదిమిపట్టి ఆకురాయితో రాకుతారు. మోకాలు మడవనియ్యకపోతే కూతురు షమీమ్ బల్ల వేసి చూసింది. బల్ల మీద, మడిచిన కాలి ఆనిక లేక, తల్లి చేతికి బలం రాలేదు. ఏడాదిగా చెక్క ముట్టలేదు.

నేను ఫిజియోథెరపీ గదిలో సహాయకురాలిని. పదో తరగతితో చదువు ఆగింది. చీటీలు రాయడానికి చేరి, నెల్లూరు నుంచి వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు పక్కన నిలబడి కోణాలు కొలవడం నేర్చుకున్నాను. మేం వాడేది గోనియోమీటర్. మధ్యలో డిగ్రీల చక్రం, దానికి రెండు ప్లాస్టిక్ చేతులు ఉంటాయి. ఒక చెయ్యి తొడ వెంట, ఇంకోటి పిక్క వెంట ఆనిస్తే మోకాలు ఎంత వంగిందో తెలుస్తుంది. ఇరవై ఏళ్లుగా కొలుస్తున్నా, నా కొలతలో నాలుగైదు డిగ్రీల తేడా ఎప్పుడైనా రావచ్చని నాకు తెలుసు.

డాక్టరుగారు బల్ల మీద మూడు నమూనాలు పెట్టారు. మూడింటిలోనూ తొడ ఎముకకు లోహపు టోపీ, కాలి ఎముకకు లోహపు పళ్లెం, మధ్యలో ప్లాస్టిక్ దిండు ఉంటాయి. మొదటిది క్రూషియేట్ రిటైనింగ్, అంటే మోకాలి వెనకున్న నరంలాంటి కట్టును ఉంచుకునేది. రెండోది పోస్టీరియర్ స్టెబిలైజ్డ్. అందులో ఆ కట్టు తీసేసి, దాని పని చెయ్యడానికి ప్లాస్టిక్ దిండులో చిన్న మేకులాంటిది నిలబెడతారు. మూడోది హై-ఫ్లెక్స్, టోపీ వెనక వైపు ఇంకాస్త గుండ్రంగా తీర్చింది. ఖరీదు దానికే ఎక్కువ.

మస్తాన్‌బీ మూడోదాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ గుండ్రాన్ని మెల్లగా తడిమింది.

"బాగా తీసినారయ్యా. పల్లం యాడ మొదలయ్యిందో యేలికి తెలీటంలా. దీంతో నేను కూర్చోగలనా?"

"కాలు వంచేది ఇది కాదమ్మా," అన్నారు డాక్టరుగారు. "ఆపరేషన్‌కి ముందు ఎంత వంగేదో, తర్వాత వంగేదీ చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. నొప్పి పోతుంది, కాలు తిన్నగా అవుతుంది. మఠం వేసుకు కూర్చోబెడతానని మాత్రం మాటివ్వను."

షమీమ్‌కి ఖరీదైనదే కావాలి. బయటికొచ్చాక మస్తాన్‌బీ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే లెక్కలమ్మా, రోజూ కొలస్తానే ఉంటివి గదా. ఏది యెక్కవ వంగతాదో నువ్వు చెప్పు."

"మూడు రకాలూ కొల్చినాను మస్తానక్కా. వాటి మధ్య నాకు కనపడిన తేడా నా చేతి తప్పు కన్నా చిన్నది. నువ్వు ముందు నీకెంత వంగాలో చెప్పు."

ఆ మాటకు ఆమె ఊరికి పోయి, వారం తర్వాత ఒక రేకు తెచ్చింది. వాళ్ల పనిలో ప్రతి గరిటెకూ ఒక అచ్చు ఉంటుంది. రేకును ఆ ఆకారానికి కత్తిరించి, చెక్క మీద పెట్టి గీత గీస్తారు. ఈ రేకు మాత్రం మడిచిన కాలి అచ్చు.

"నా కాలు మడవదు గదా, షమీమ్ కాలికి తీసినాను. దానికి కూర్చోడం నేర్పింది నేనే. నా కూర్చోడం ఇప్పుడు దాని కాడ ఉండాది."

ఒక మనిషి కూర్చునే తీరు ఇంకో మనిషి ఒంట్లో దాచి ఉండటం నాకు వింతగా తోచింది. గోనియోమీటర్ ఆనించి చూశాను. నూట ముప్పై.

"కలలో రోజూ కూర్చుంటానే," అంది గొంతు తగ్గించి. "పొద్దున మంచులో మా ఊరి దుర్గం కొండ తేలతా ఉంటాది. చుట్టూ నర్ది చెక్క పొడి. కాలుంటాది, పనుంటాది, నొప్పెట్టే ముక్క ఒక్కటే ఉండదు."

కలలో ఆ మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో అనుకుంటూ ఆ రేకు మూల నూట ముప్పై అని రాశాను.

ఆమె ఎముకకూ కట్టుకూ సరిపోతుందని డాక్టరుగారు చెప్పిన మొదటి రకమే వేయించుకుంది. తర్వాత మూడు నెలలు మా అందరి చూపూ వంగడం మీదే. తొంభై దాటింది, నూరు దాటింది, నూట పది దగ్గర ఆగిపోయింది. వారాలు గడిచినా కదల్లేదు. కసరత్తు చేయించడానికి నేను ఉదయగిరిలో వాళ్లింటికి పోయిన రోజు ఆమె ఆకురాళ్లన్నీ మూటగట్టి షమీమ్ వైపు తోసింది.

"ఇంక నీయే. నాకు కలే చాల్లే."

ఆ రోజు వంచమని అడగలేదు. మంచం మీద కాలు చాపించి, మడమ కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలిని కిందికి నొక్కమన్నాను. ఇది చాపడానికి చేసే కసరత్తు. ఆపరేషన్‌కి ముందు పోయిన పదిహేను డిగ్రీలూ తిరిగి వచ్చాయి, కాలు తిన్నగా ఉంది. దాన్ని ఎవరం పెద్ద లాభంగా లెక్కపెట్టుకోలేదు.

ఆమె నొక్కుతూ నొక్కుతూ ఆగింది.

"ఈ నొక్కుడు నాకు తెల్సునే."

"ఎట్లా?"

"చెక్కను పట్టే నొక్కుడే ఇది. ఎడంకాలుతో నొక్కేదాన్ని. షమీమూ, ఆ టవల్ తీసి చెక్క పెట్టు."

షమీమ్ నవ్వింది. "అమ్మీ, కుడికాలుతో యెవురన్నా పడతారా? మనింట్లో ఎవురూ పట్టలా."

"మనింట్లో ఇనుప మోకాలు మాత్రం యెవురికుండాది? పెట్టుమే."

డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. నేల మీద వద్దు, ఎత్తు పీట మీదైతే కూర్చోనివ్వండి, కుడికాలు మడవకుండా చూడండి అన్నారు. పీట మీద కూర్చుని, మడిచే పని ఎడమకాలికిచ్చి దాన్ని వీలైనంత వెనక్కి తీసుకుంది. కుడికాలు చాపి చెక్కను దిమ్మకు అదిమింది. చెక్క కదల్లేదు. ఆకురాయి పడగానే పొడి లేచి, కిటికీ వెలుతురులో మెల్లగా తేలుతూ ఆమె కుడిపక్కకు దిగింది. ఆమె అది చూసి, "ఇన్నేళ్లూ పొడి ఆపక్క పడేది," అంది పిల్లలాగా.

మొదటి చెంచా వంకరగా వచ్చింది.

"దీన్ని ఎడంచేతోళ్లకే అమ్ముకోవాల," అంది షమీమ్.

"వాళ్లు మాత్రం తినొద్దా?"

వేసవి వచ్చేసరికి చెంచాలు తిన్నగా వచ్చాయి. మూట విప్పిన ఆకురాళ్లు మళ్లీ ఆమెవే అయ్యాయి.

ఇది జరిగాక నేను కొత్తగా వచ్చేవాళ్లను ఎంత వంగాలని ఒక్కటే అడగడం మానేశాను. నువ్వు రోజంతా ఎట్లా ఉంటావో చేసి చూపించమంటాను. ఏ ఇంప్లాంటు ఎక్కువ వంగుతుందని అడుగుతూనే ఉంటారు. మోకాలికి వంగడం, చాపడం అని రెండు చివరలుంటాయనీ, బతుకు ఏ చివర ఆని ఉందో ముందు చూసుకోవాలనీ చెబుతాను.

మొన్న మస్తాన్‌బీ చూపించుకోవడానికి వచ్చింది. కొలిచాను.

"యెంత?"

"నూట పదిహేను."

"మరి తక్కినయ్యి?"

"రావాలి."

"రానీలే," అని కాలు కిందికి దించి, బస్సుకు టైమైందని లేచింది. తక్కిన ఆ వంపు ఏ రకం ఇంప్లాంటూ ఇస్తానని మాటిచ్చింది కాదు. రేకులోని నూట ముప్పైకి ఆమెకు రావాల్సింది ఇవాళ్టికి పదిహేను డిగ్రీలు.