ఆఖరి పళ్లెం పెద్దమ్మది

మీరు మర్యాదస్తులు. ఆ మర్యాదతోనే ఒక మనిషిని పస్తులుంచారు. ఉలిక్కిపడకండి, మిమ్మల్నే అంటున్నాను. మా పెద్దమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికకు తెల్లచీరలు కట్టుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చి, "హోమ్‌లో ఎంత గౌరవంగా చూసుకున్నారో, అన్నీ ముందు ఆవిడకేనట" అని చెప్పుకుని, భోంచేసి వెళ్లిన మీరే. రానివాళ్లు కూడా సంతోషపడక్కర్లేదు. రేపు మీ ఇంట్లో మనిషికి మీరు చేయబోయేదీ ఇదే.

పోయిన నెలలో ఒక ఉదయం మా పెద్దమ్మ పోయింది. రాజమండ్రి శివార్లలో, మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను ఉంచుకునే హోమ్‌లో. మేనేజరు ఫోన్ చేశాడు. "మేడం గారు ఇక లేరండీ. నిమ్ము చేసింది కదండీ, ఊపిరి అందలేదు" అన్నాడు. "నిన్న కూడా అందరికంటే ముందు ఆవిడకే పెట్టామండీ" అని కలిపాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. నేను మాత్రం ఆ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాను. ఇన్నాళ్లయినా దాన్ని దాటి రాలేకపోతున్నాను. ఆ మాట విని మీరంతా తృప్తిపడ్డారు. దాంట్లో తృప్తిపడాల్సింది ఏమీ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. రామచంద్రపురంలో ప్రభుత్వ బాలికల హాస్టల్‌కు వార్డెన్. పెళ్లి చేసుకోలేదు. హాస్టలే ఇల్లు. కడియం నర్సరీల్లో మొక్కలు మోసేవాళ్ల పిల్లలు, కోతలకీ ఊడ్పులకీ పోయేవాళ్ల పిల్లలు ఆమె పిల్లలు. వార్డెన్లు చాలామందిని చూశాను. ఈమెకున్న అలవాటు ఇంకెవరికీ చూడలేదు. అన్నం వేళకు పళ్లేల వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ "వేశారా?" అని అడిగేది. అందరికీ అయ్యాక గిన్నె వంచి అడుగు చూసేది. అప్పుడు పిల్లల పక్కనే నేలమీద కూర్చుని, మిగిలింది తన పళ్లెంలో పెట్టించుకునేది. ఆఖరి పళ్లెం ఎప్పుడూ ఆమెదే.

దీన్ని త్యాగం అనుకోకండి, ఆమెకు ఆ మాటంటే చిరాకు. అది ఆమె పని చేసే పద్ధతి. "తక్కువైతే నాకే తక్కువవ్వాలిరా. అప్పుడే కదా తక్కువైందని తెలిసేది. గిన్నె అడుగు చూసినోళ్లే వార్డెన్లు. మిగతావాళ్లు సంతకాలు పెట్టేవాళ్లు" అనేది.

కాలేజీలో ఉన్నప్పుడు హాస్టళ్లలో తిండి బాగాలేదని కరపత్రాలు అచ్చేసి, ఊరూరా పంచుతూ ఆమె దగ్గరికీ వెళ్లాను. నిరాహార దీక్ష చేస్తామని గొప్పగా చెప్పాను. ఆమె కరపత్రం అంతా చదివి మడతపెట్టి, "దీక్ష చెయ్యాల్సింది నువ్వు కాదురా అబ్బాయ్, వార్డెన్లు. సరేగానీ వచ్చావు కదా, పప్పు బకెట్టు ఇలా పట్టుకో" అంది. ఆ పూట వరసంతా నేనే వడ్డించాను. నా ఉద్యమ జీవితంలో ఎవరికైనా కచ్చితంగా పనికొచ్చిన మొదటి మధ్యాహ్నం అదేనేమో.

ఆమెకు దేవుడున్నాడు, నాకు లేడు. దాని మీద ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. నువ్వు ఏమని ప్రార్థన చేస్తావో చెప్పు అని ఒకసారి నిలదీశాను. "చిన్నదేరా. అన్నం మిగిలితే వందనాలు, మిగలకపోతే క్షమించు" అంది. ఆ తర్వాత దేవుడి గురించి ఆమెతో వాదన తగ్గించాను.

తనిఖీకి వచ్చే అధికారుల సంగతి మీకు తెలుసు కదా. గోదావరి జిల్లాలో వాళ్లకు జరిగే మర్యాద తెలియనిదెవరికి? కారు డిక్కీలో కొబ్బరి బొండాలు, ఒళ్లో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. పెద్దమ్మ కూడా పూతరేకులు తెప్పించేది. పెట్టె బల్లమీద పెట్టి, "ఇవి ఎక్కడికీ పోవండీ, తర్వాత తిందురుగాని. ముందు బాత్రూములు చూసి రండి" అనేది. వాళ్లు వెళ్లాక నవ్వేది. "చెప్పి వచ్చేవాడు చుట్టం. చెప్పకుండా వచ్చేవాడే తనిఖీ."

రిటైరయ్యాక రామచంద్రపురంలోనే మా అమ్మతో ఉంది. జబ్బు మొదలైంది అక్కడే. ఒక రోజు తెల్లారేసరికి ఇంటి ముందు ఆటో ఆగింది. ఆటో నిండా వంకాయలు. "హాస్టల్‌కి కదండీ, వార్డెనమ్మ గారు తీసుకోమన్నారు" అన్నాడు ఆటో అతను. వీధి వీధంతా వారం రోజులు వంకాయ కూర తిన్నారు. అప్పుడందరం నవ్వాం. తర్వాత కాలవ గట్టు మీద ఒంటరిగా దొరికింది, పిల్లలు బడి నుంచి ఇంకా రాలేదని ఎదురుచూస్తూ. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. మోకాళ్లు అరిగిపోయిన మా అమ్మ ఆమె వెనకాల పరుగెత్తలేక గేటుకు తాళం వేసింది. తాళం వేసిన గేటును పట్టుకుని పెద్దమ్మ రోజంతా ఊపేది.

"హోమ్‌లో పడేశారు" అన్నారు మీలో కొందరు. అన్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు వచ్చి, అమ్మా నువ్వు కాస్త పడుకో, ఇవాళ మేం చూసుకుంటాం అన్నారా? ఇంట్లోనే చూసుకోవాలి అనే ప్రతి ఉపన్యాసం వెనకా నిద్రలేని ఒక ఆడమనిషి ఉంటుంది. ఉపన్యాసం ఇచ్చేది మాత్రం ఆమె కాదు. కాబట్టి హోమ్‌లో చేర్చడం తప్పని నేను అనను. హోమ్‌ను ఎలా చూసి ఎంచుకోవాలో మనకెవరికీ తెలియదు అంటాను.

మేం చూసి వచ్చిన తీరు చెబుతాను, మీరూ ఇలాగే చూస్తారు. ముందు ఫోన్ చేసి టైము తీసుకోమన్నారు, తీసుకున్నాం. పెద్దమ్మనూ వెంటబెట్టుకెళ్లాం. ఏసీ గది, టీ, బిస్కెట్లు. పెద్దమ్మ టీ ముట్టుకోలేదు. తను తనిఖీకి వచ్చాననుకుంది. లేచి నిలబడి, "ఆఫీసు బానే ఉందయ్యా. బాత్రూములెక్కడ?" అంది. మేనేజరు నవ్వుతూ, "మేడం గారు భలే హుషారుగా ఉన్నారండీ" అంటూ దగ్గరుండి తిప్పాడు. ఆమె నీళ్ల డ్రమ్ము మూత తీసి చూసింది. పరుపు కిందకి చెయ్యి పోనిచ్చి తడి ఉందేమో చూసింది. తలగడ వాసన చూసింది. వంటింట్లో బియ్యం గుప్పెట్లో పోసుకుని ఊదింది. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. "బానే ఉంది. పిల్లలేరీ?" అంది. భోజనాలు అయిపోయాయండీ, అందరూ పడుకున్నారు అన్నాడు మేనేజరు.

చూశారా? బుద్ధి చెదిరిన మనిషి కూడా అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆ హాల్లో అన్నం ఎలా పెడతారో మేం చూడలేదు. మేం చెప్పి వెళ్లిన చుట్టాలం.

చేరిన కొన్నాళ్లకే పెద్దమ్మ సన్నబడింది. బంధువులు చూడ్డానికి వేళ సాయంత్రం నాలుగు నుంచి. వెళ్లినప్పుడల్లా తల దువ్వి, పౌడరు రాసి కూర్చోబెట్టేవారు. తినట్లేదండీ అనేవారు. జబ్బు ముదిరితే ఇంతేనండీ, తిండి మర్చిపోతారు అనేవారు. డాక్టరూ అదే అన్నాడు. చివరికి ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోద్దామన్నారు. సాయంత్రం డాక్టరు వస్తారు, మీరూ వచ్చి సంతకం పెట్టండి అని ఫోన్ వచ్చింది.

ఆ మాట చెప్పగానే అమ్మ చెప్పులేసుకుంది. "సాయంత్రం దాకా ఎందుకురా? ఏం తినట్లేదో తినే వేళకే వెళ్లి చూద్దాం."

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "విజిటింగ్ నాలుక్కండీ."

"నాలుక్కి మా అక్క అన్నం తింటుందా బాబూ?"

"అది కాదండీ, ఫోన్ చేసి రావాలండీ. చుట్టాలందరికీ అదే రూలండీ."

"నేను చుట్టాన్ని కాదు, చెల్లెల్ని. గేటు తియ్యి."

తీశాడు. మా అమ్మ మోకాళ్లు ఆ రోజు ఎలా నడిచాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హాల్లో స్టీలు బల్లల దగ్గర పెద్దవాళ్లంతా కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ అందరికీ ముందు, చేతుల కుర్చీలో. నడుముకూ కుర్చీకీ కలిపి చున్నీతో ముడి. ఆమె ఎదురుగా పళ్లెంలో పొగలు కక్కే అన్నం. మిగతా పళ్లేలన్నీ ఖాళీ. ఆయా చెంచా పట్టుకుని, "తినండి మేడం గారూ, మీకే ముందు పెట్టాం చూడండి" అని బతిమాలుతోంది. పెద్దమ్మ పెదాలు బిగించేసింది. మెడ తిప్పి ఖాళీ పళ్లేల వైపే చూస్తోంది. చేత్తో తన పళ్లేన్ని పక్కావిడ వైపు తోస్తోంది.

మేనేజరు పరుగున వచ్చాడు. "చూశారా సార్, రోజూ ఇదే వరస. పళ్లెం తోసేస్తారు. లేచి అందరి పళ్లేల్లోకీ తొంగి చూస్తారు. పడిపోతారని కట్టామండీ, ఆవిడ మంచికే. ఆఫీసరుగా చేసినావిడని మొదటిరోజు నుంచీ ముందు ఆవిడకే పెడుతున్నాం. మా మర్యాదలో ఏం లోపం లేదండీ."

"ఓరి మీ మర్యాద మండా!" అంది మా అమ్మ. "మా అక్క ముందెప్పుడు తింది?"

చున్నీ ముడి నేనే విప్పాను. చాలా గట్టిగా ఉంది. రోజూ వేసే ముడి. అందరికీ వడ్డించమని అమ్మ ఆయాకు చెప్పింది. పెద్దమ్మ చెల్లెలి భుజం పట్టుకుని లేచి, వరస మొదటి నుంచీ నడిచింది. "వేశారా?" "వేశారా?" ఆ గొంతు నేను ఎన్నేళ్లకో విన్నాను. తెల్లమీసాల పెద్దాయన, ఒకప్పుడు బోలెడు పొలం సాగు చేసినాయన, చిన్నపిల్లాడిలా ఫిర్యాదు చేశాడు.

"వేశారమ్మా, పప్పు చాల్లేదు."

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. "ఏంటమ్మా, పప్పు చాల్లేదంట?"

ఆయా ఒక్క ఉరుకున పప్పు తెచ్చింది. హాలంతా నవ్వారు. వరస అయ్యాక పెద్దమ్మ అన్నం గిన్నె దగ్గరికి వెళ్లి, వంచి, అడుగు చూసింది. "ఉంది" అంది. అప్పుడు వచ్చి కూర్చుని, చెయ్యి కడిగించుకుని, తన చేత్తో పప్పు కలుపుకుని తింది. గొట్టం వేయాల్సిన మనిషి చారు లేదా అని అడిగింది. మా అమ్మ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను సంతకం పెట్టలేదు.

ఇక్కడితో ఆగితే మీకు మంచి కథ అయ్యేది. ఆగనివ్వను.

"రోజూ ఇలాగంటే కుదరదండీ" అన్నాడు మేనేజరు. "ఆవిణ్ణి తిప్పడానికో మనిషి కావాలి. పైగా అంత పెద్దావిడకి ఆఖర్న పెడితే చూసినవాళ్లు ఏమనుకుంటారండీ?" గట్టిగా పోట్లాడితే అలాగేనండీ అన్నాడు. కొన్నాళ్లు అలాగే జరిగింది. పెద్దమ్మ తేరుకుంది, బుగ్గలు కాస్త నిండాయి. అంతలో క్రిస్మస్ వచ్చింది. ఆ ఒక్కరోజు హోమ్‌లో బంధువులకు కూడా భోజనం పెట్టారు. మీలో ఒకరు, పేరు రాయను, పెద్దమ్మకు ఆఖర్న వడ్డించడం చూసి మేనేజరు మీద విరుచుకుపడ్డారు. "మా అత్తయ్యకి ఆఖర్న పెడతారా? ఏంటి, ఎవరూ లేరనా అంత లోకువ?" మేనేజరు చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు. మర్నాటి నుంచి మళ్లీ మొదటి పళ్లెం, మళ్లీ చెంచా, మళ్లీ చున్నీ.

వేరే హోమ్‌లు వెతికాం. అన్నం వేళకు వచ్చి చూస్తామంటే ఒకరు కుదరదన్నారు. ఇంకొకరు, "మా దగ్గర ఆ బాధ లేదండీ, నోట్లో పెట్టేస్తాం" అని ధీమాగా చెప్పారు. మేం వెతుకుతుండగానే నిమ్ము చేసింది. ఆమె ఆకలితో పోయిందని నేను అనను. నోరు బిగించిన మనిషికి కుక్కితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు అన్నాడు డాక్టరు. ఉండొచ్చు అన్నాడు, అంతే. ఆ 'ఉండొచ్చు'తో మా అమ్మ రోజూ అన్నానికి కూర్చుంటోంది.

హోమ్ వాళ్లు రాక్షసులు కారు. మీరూ కారు. ఆమె ఎవరో ఎవరూ అడగలేదు. ఆమె హోదా ఏంటో అడిగారు, ఆ హోదాను కూర్చోబెట్టి అన్నం పెట్టారు. మనుషుల పేర్లు మర్చిపోయింది, నన్ను మర్చిపోయింది, ఆఖర్న తన దేవుణ్ణి కూడా మర్చిపోయిందేమో నాకు తెలియదు. పక్కవాళ్ల పళ్లెం ఖాళీగా ఉంటే తను తినకూడదన్నది మాత్రం మర్చిపోలేదు. మనం దానికి జబ్బు అని పేరు పెట్టాం.

నాకు మీ సంతాపం అక్కర్లేదు. ఇవి కావాలి.

ఏ హోమ్‌లోనైనా అన్నం వేళకు, ఫోన్ చేయకుండా, ఇంటివాళ్లను లోపలికి రానివ్వాలి. రానివ్వని చోట మీవాళ్లను చేర్చకండి.

తనిఖీ చేసే అధికారులు చెప్పకుండా వెళ్లాలి. టీ తాగకూడదు. అక్కడివాళ్లు తినేది చూసేదాకా ఉండాలి.

మనిషిని కుర్చీకి కట్టకూడదు. నడిచే మనిషి పక్కన నడవడానికి ఒక మనిషిని పెట్టాలి. దానికి జీతం ఇవ్వాలి.

చేర్చుకునేటప్పుడు జబ్బు పేరుతో పాటు, ఈ మనిషి ఏం పని చేసింది, ఎలా తినేది అని అడగాలి. అడక్కపోతే మీరే చెప్పండి. మళ్లీ మళ్లీ చెప్పండి.

ఈ ఆదివారం మీకు తెలిసిన ఒక్క హోమ్‌కి వెళ్లండి. పళ్లు పట్టుకుని సాయంత్రం కాదు, ఉత్త చేతుల్తో మధ్యాహ్నం.

పెద్దమ్మ పేరున ఎప్పుడైనా భోజనాలు పెడితే, ముందు ఆమె ఫోటోకు పెట్టకండి. అందరినీ వేశారా అని అడగండి. గిన్నె వంచి అడుగు చూడండి. అప్పుడు ఒక పళ్లెం తీయండి.