అప్ప చేతికి బావ చెక్కిన పిడి

మా బావ పోయాడు. నేను భీమిలి నుంచి బస్సులో వాళ్లింటికే వస్తుండగా మా అప్ప ఫోన్ చేసి చెప్పింది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఏడవలేదు. "మీ బావ పొద్దున్న లెగనేదు తమ్మీ. షెడ్డు తాళం ఇంకా ఆల జేబులోనే ఉంది" అంది. కంచరపాలెంలో దిగేదాకా నేను ఆ తాళం గురించే ఆలోచించాను. పెద్ద సంగతి మీద పడినప్పుడు మనసు ఏదో ఒక చిన్న వస్తువుని పట్టుకుని వేలాడుతుంది కాబోలు.

మీరు మా బావని ఎరగరు. రైలు పట్టాల పక్క సందులో, రేకుల షెడ్డులో, ఒక మనిషి విమానం కడుతున్నాడని ఎవరైనా చెప్పినా నమ్మి ఉండరు. నేను మొదటిసారి చూసి పడవనుకున్నాను. మాది భీమిలి, వస్తువు పొడుగ్గా ఉండి మధ్యలో ఉబ్బితే మాకది పడవే.

"సేపలకెల్తావేటి బావా?" అన్నాను.

"రెక్కలు పెట్టినాక అడుగు" అన్నాడు.

ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం అది. ఇంటి దగ్గరే విమానాలు కట్టుకునేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారట. వాళ్ల వీడియోలు చూసి, ప్లాన్లు తెప్పించుకుని మొదలుపెట్టాడు. ఇంజను రావాలి, అనుమతులు రావాలి. ఏది ముందొస్తుందంటే, "రెంటికీ పందెం పెట్టినాను, సూద్దాం" అనేవాడు. రెండూ రాలేదు. ఆయనకీ తొందర లేదు. ఆయన ధ్యాసంతా పిడుల మీదే.

పిడి అంటే చెప్పాలి. ఆ విమానంలో కూర్చున్నవాడి మోకాళ్ల మధ్య ఒక రాడ్డు నిలబడి ఉంటుంది. ముందుకి తోస్తే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. పుస్తకాల్లో దాన్ని కంట్రోల్ స్టిక్ అంటారు. బావకి అది పిడే. రెండు సీట్లకీ రెండు. కింద ఒకే గొట్టం రెంటినీ కలుపుతుంది కాబట్టి, ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది.

బావ పోర్టులో క్రేను నడిపాడు. ఉద్యోగమంతా సముద్రం మీదికి వాలిన ఆ గాజు గదిలో, రెండు లివర్లు పట్టుకునే గడిచింది. కుడిచేతి చిటికెన వేలు లివరు చుట్టూ వంగి అలాగే ఉండిపోయింది. అన్నం కలుపుతున్నా అది విడిగా, కొంకిలా, తన ఉద్యోగం తాను చేసుకుంటున్నట్టు ఉండేది. "సెయ్యి నొప్పెడితే మనసు సేతి మీదుంటాది, పని మీదుండదు బావా" అనేవాడు. నేను వయసులో చిన్నవాణ్ణయినా నన్నూ బావా అనే పిలిచేవాడు. మా ఊళ్లలో అంతే, ఇద్దరు మగాళ్లు మాట్లాడుకుంటే ఇద్దరూ బావలే.

రిటైరయ్యాక ఈ సూత్రం ఇంటి మీద పడింది. అట్లకాడకి కొత్త పిడి. గొడుగుకి కొత్త పిడి. నా చేతికర్రకి కూడా నేనడక్కుండానే ఒకటి బిగించాడు. ఇప్పుడు ఇంకో కర్ర పట్టుకుంటే పరాయివాడి చెయ్యి పట్టుకున్నట్టుంటుంది. వీధిలోకి చేపలు తెచ్చే ఆవిడ కత్తిపీట చూసి, "దీన్నిలాగ తొక్కిపడితే నడుం పోతాది" అని చెక్క మార్చి ఇచ్చాడు. ఆ తర్వాత వాళ్లింటికి మంచి వంజరాలు వచ్చేవి. నేను వెళ్లిన రోజుల్లో మాత్రం చవకరకం కవ్వళ్లు. అది వేరే కథ.

తన పిడి తేలిగ్గానే తేలింది. వెనక్కి లాగితే బొజ్జకి తగిలేది. బొజ్జ తగ్గించాలా, రాడ్డు వంచాలా అని ఆలోచించి, రాడ్డే వంచాడు. చెయ్యి తొడ మీద ఆనేట్టు పొట్టి చేశాడు. అంకుడు కర్ర తెచ్చి పిడి చెక్కాడు. మన ఏటికొప్పాక లక్కబొమ్మల కర్రే. తేలిక, చేతికి మెత్తన. చిటికెన వేలు కోసం వంకర గాడి ఒకటి. వేరే ఎవరు పట్టుకున్నా ఆ గాడి ఖాళీగా మిగిలిపోతుంది.

కష్టమంతా రెండో పిడితోనే. అది అప్ప కోసం.

అప్ప ఆ విమానంలో కాలు పెట్టనంది. భయం కాదు, కోపం. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నా ఎదుటే అంది: "ఉజ్జోగం సేసినన్నాల్లూ నువ్వు పైన, నాను కింద. గాలేస్తే సాలు, ఆ క్రేను కేసి సూత్తా నిలబడీదాన్ని. దిగినావని దణ్ణం పెట్టుకున్నాను. మల్లీ ఎక్కుతానంటావేటి మావా?"

బావ చారు పోసుకుంటూ నిదానంగా అన్నాడు: "అందుకే గదే రెండు సీట్లు. ఈపాలి నువ్వు కింద నిలబడక్కర్నేదు."

అప్ప లేచి పెరుగు తేవడానికి వెళ్లి, చాలాసేపు రాలేదు.

చేతి కొలత తీయడానికి బావకి ఒక పద్ధతుంది. గొట్టానికి పిండి ముద్ద పొదిగి, పట్టుకోమంటాడు. వేళ్ల అచ్చు పడ్డాక దాన్ని ఆరబెట్టి, చూస్తూ చెక్కుతాడు. అప్ప రాత్రి చపాతీలకని కలుపుకున్న పిండినే తీసి గొట్టానికి పెట్టి ఆమెకే అందించాడు. అప్ప చూసింది. "నా పిండి!" అని పిడికిలి బిగించి పట్టుకుంది. బావ సంబరంగా అచ్చు పట్టుకెళ్లి, వారం పైగా కూర్చుని పిడి చెక్కి, వంటింటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వేళ్లు ఒక్కటీ గాళ్లలో కూర్చోలేదు.

"ఇదెవుల సెయ్యి?" అంది అప్ప.

బావ పిడిని తిప్పి తిప్పి చూశాడు. "నీదే. కోపంగా ఉన్నప్పటిది."

నేను నవ్వాపుకోలేకపోయాను. అప్ప నవ్వలేదు. బావ అసలు నవ్వలేదు. ఆయనకది పెద్ద పాఠం. "కోపంలో కొలత తీసీసినాను బావా. అలాగ పట్టుకుంటే విమానం ఎగురుతాదేటి? గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోవాల" అన్నాడు. అప్పటి నుంచి పిండి గొట్టం ఒకటి తడిగుడ్డలో చుట్టి దగ్గర పెట్టుకుని, అప్ప శాంతంగా ఉండే ఘడియ కోసం కాపు కాశాడు. చాలాసార్లు పిండి పులిసిపోయింది.

చివరికి ఒకరోజు చేపలావిడ గుమ్మంలో కూర్చుని తన కోడలి సంగతేదో చెప్తుంటే అప్ప కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. బావ వెనకనుంచి వచ్చి గొట్టం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చూసుకోకుండానే పట్టుకుని, నవ్వడం అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉంది. పిల్లిలా దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పిడి చెక్కి, కుడి సీటు ముందు బిగించాడు. ఇక రోజూ ఒకే మాట: "ఒక్కపాలి కూకోయే. సరిపోయిందో నేదో సెప్పు సాలు." అప్పదీ ఒకే మాట: "ఇంజను రానీ, సూద్దాం." మొన్న నేను వచ్చినప్పుడు కూడా అడిగాడు. మొన్న కూడా ఆమె అలాగే అంది. సరిపోయిందో లేదో తెలీకుండానే బావ వెళ్లిపోయాడు.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, మధ్యాహ్నం అప్ప తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. "తియ్యి తమ్మీ."

లోపల రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. రెక్కల్లేకుండా అది నిజంగా పడవలాగే ఉంది. నేను చెయ్యిచ్చాను. అప్ప చీర కుచ్చిళ్లు ఎగదోపి, కుడి సీట్లో కూర్చుంది. కాసేపు పిడి ముట్టుకోలేదు. తర్వాత పట్టుకుంది. నేను ఆమె వేళ్లే చూస్తున్నాను. ఒక్కొక్కటీ తన గాడిలోకి వెళ్లి కూర్చుంది.

"ఎలగుంది అప్పా?"

"నా సెయ్యే" అంది.

పట్టాల మీద గూడ్సు బండి వెళ్తుంటే షెడ్డు రేకులు అదిరాయి. అది పోయేదాకా ఆగి, అప్ప పిడిని మెల్లగా వెనక్కి లాగింది. వెనక తోక పలక కిర్రుమంటూ పైకి లేచింది. పక్కన ఖాళీ సీటు ముందు, చిటికెన వేలికి వంకర గాడి ఉన్న పిడి కూడా తనంత తానే వెనక్కి వచ్చి, బొజ్జకి తగలకుండా ఆగింది.