కాగితం మీద కుడిపాదం

పోయిన శుక్రవారం నా మనవరాలు వీడియో కాల్‌లో ఒక పాత ఉత్తరం బొమ్మ చూపించి నా నోరు మూయించింది. డెబ్బైకి దగ్గరపడ్డ ఈ వయసులో నా నోరు మూయించడం చిన్న పని కాదని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. జగిత్యాలలో డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల తన పాఠం కోసం ఎక్కడో వెతికి పట్టిందట. నూటయాభై ఏళ్ల కిందట అమెరికాలో, పుట్టిన ఊరు వదిలి వందల మైళ్ల అవతల అడవి కొట్టి సేద్యం చేసుకుంటున్న ఒక రైతు కుటుంబం వెనక ఉండిపోయిన బంధువులకు రాసిన ఉత్తరమది. కాగితం చాలక, రాసిన పేజీనే అడ్డం తిప్పి ఆ అక్షరాల మీదుగానే మళ్లీ రాశారు. అడుగున ఒక పసిబిడ్డ చెయ్యి పెట్టి చుట్టూ గీత గీశారు, ఎన్నడూ చూడని తాతకు మనవడి చెయ్యి తెలియాలని.

"ఇది నేను కనిపెట్టిందే గదనే! మా దగ్గర చూసి నేర్చుకున్నరు," అన్నాను వెంటనే.

"తాతా, నువ్వు పుట్టకముందే ఎనభై ఏండ్ల కిందటి ముచ్చటది," అందది. వెనకనుంచి మా ఇంటామె గొంతు వినిపించింది. "ఆయన కోతలు ఆయన కోస్తడు గని, నువ్వు ఫోన్ మంచిగ పట్టు బిడ్డా."

నేను కువైట్ వచ్చిన కొత్తలో నగరానికి దూరంగా ఎడారిలో ఉన్న వఫ్రా తోటల్లో సూపర్‌వైజర్‌గా ఉండేవాణ్ణి, నా కింద ఇరవైమంది పనిచేసేవారు. ఇరవైమంది అన్నానా? మేమున్నదే ముగ్గురం, నా కింద ఉన్నవి గొర్రెలు. పొద్దున టమాటా మొక్కలకు నీళ్లు పెట్టి, మధ్యాహ్నం గొర్రెల దొడ్డి ఊడ్చేవాణ్ణి. సూపర్‌వైజర్ అన్న మాట నేను ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రమే ఉండేది. అప్పుడక్కడ బస్సూ లేదు, ఫోనూ లేదు. ఉత్తరాలు నగరంలో ఉన్న మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన తోట యజమాని, పోస్టుబాక్సుకు వచ్చేవి, ఆయన వారానికొకసారి పిండి బస్తాలతో పాటు వాటినీ తెచ్చి, బండి దిగకుండానే "యల్లా!" అని తొందరపెడుతూ కేకేసి చేతికిచ్చేవాడు.

మా ఇంటామెకు చదువు రాదు. ఆమె పుట్టింట్లో ఉండేది కనుక ఉత్తరాలన్నీ ఆమె తండ్రి, అంటే మా మామ, రాసేవాడు. తండ్రి రాసే ఉత్తరంలో కూతురు మొగుడికి ఏం చెప్పగలదు? అందరం క్షేమం, వాన పడ్డది, బర్రె ఈనింది, అంతే. ఆ కాగితంలో ఆమె చేత్తో చేసింది ఒక్కటే ఉండేది, అడుగున మా బిడ్డ కుడిపాదం చుట్టూ పెన్సిల్ గీత. చెప్పులు కొని పంపడానికి కొలత అది. నేను విమానం ఎక్కేనాటికి బిడ్డకు నడక రాలేదు. పెన్సిల్‌కు చక్కిలిగింత పుట్టేదేమో, మడమ దగ్గర ఆ గీత ఎప్పుడూ ఒక వంకర పోయేది. ఆ వంకరలో నేను బిడ్డ నవ్వు విన్నాను. ఇది మాత్రం కోత కాదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని టమాటా లారీలో మార్కెట్టుకు పోయి, దాన్ని చెప్పుల మీద పరిచి చూసేవాణ్ణి. కాని ఉత్తరం రావడానికి ఇరవై రోజులు, చెప్పులు పట్టుకుని సెలవు మీద ఊరికి పోయేవాడు దొరకడానికి మూడు నెలలు. చెప్పులు చేరేసరికి పాదం వాటిని దాటిపోయేది. ఖీరా పిందె చూసి ఎన్నాళ్లకు ఎంతవుతుందో చెప్పగలిగిన వాణ్ణి, నా బిడ్డ పాదం సంగతి చెప్పలేనా అని, ఆమె గీసిన గీతకు బయట ఇంకో గీత గీసుకుని కొనడం మొదలుపెట్టాను. అప్పటినుంచి నేను పంపిన ప్రతి జతా అచ్చు పోసినట్టు సరిపోయింది. సరే, సరిపోయింది ఒక్క జతే. ఒకటి మా బావమరిది కూతురికి పోయింది, ఇంకోటి ఈనాటికీ అటక మీద ఉంది.

మూడో ఏడు వచ్చిన ఒక ఉత్తరంలో, ఎప్పుడూ ఎడమవైపు ఉండే బొటనవేలు కుడివైపు ఉంది. అది ఎడమపాదం. మరి కుడిపాదానికి ఏమైంది? మామ అందరం క్షేమమనే రాశాడు. కాని మా నానమ్మ పోయినప్పుడు కూడా, దూరాన ఉన్నవాడు బెంగపడతాడని, రెండు నెలలపాటు ఆయన అట్లాగే రాశాడు. జ్వరమొచ్చి కాలు పడిపోయిన పిల్లల్ని నేను మా వైపు చూసి ఉన్నాను. పక్క తోటలో పనిచేసే కడపాయన సెలవు మీద పోతుంటే, రెండు పాదాలూ గీసి పంపమని నాలుగు ముక్కలు రాసి, బొంబాయిలో దిగగానే పోస్టు డబ్బాలో వేయమని ఇచ్చాను.

"ఏంది సామీ, దీనికే ఇంత దిగులా? బిడ్డ ఆ పొద్దు కాలు మార్చి పెట్టింటాది లే," అన్నాడాయన.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నేను అన్నం ముట్టలేదు. ముట్టాను, ముట్టకపోతే దొడ్డి ఎవరు ఊడుస్తారు? కాని ఏ గొర్రెపిల్ల కుంటినా చూడలేక ముఖం తిప్పుకున్నాను.

చివరికి కాగితం వచ్చింది. రెండు పాదాలూ ఉన్నాయి. కుడికాలికి తుమ్మముల్లు దిగితే కట్టు కట్టారట, ఇప్పుడు మానిందట. కాగితం వెనక్కి తిప్పితే, అక్కడ మూడో పాదం. పెద్దది. మడమ దగ్గర గీత నాలుగైదు చోట్ల తెగి ఉంది, పగుళ్లలో పెన్సిల్ చిక్కుకుని. దాని గురించి మామ ఒక్క అక్షరం రాయలేదు, ఆయనకు తెలియదు కాబోలు.

మూడేళ్లలో ఆమెకూ పాదాలున్నాయని నాకు ఒక్కసారి తట్టలేదు. గదిలో వాళ్లతో మాత్రం ఇంటామెకు బంగారు గాజులు పంపానని చెప్పుకునేవాణ్ణి. ఆ గీత లోపల నా అరచెయ్యి పెట్టాను. సముద్రం అవతల నిలబడ్డ మనిషి, ఉన్నది ఉన్నంత కొలతలో, నా చేతి కింద ఉంది. ఆ అమెరికా తాత కూడా ఆ పసిచేతి గీతలో తన చెయ్యి పెట్టే ఉంటాడు. ఆ కొలతకు ఆమెకు కొని పంపిన చెప్పులు మాత్రం సరిగ్గా సరిపోయాయి. ఆమెది పెరిగే పాదం కాదు కదా.

నేనింకా కువైట్‌లోనే ఉన్నా, ఇప్పుడు రోజూ ఫోన్‌లో అందరి ముఖాలూ చూస్తున్నాను. మనవరాలిని పాదం గీసి పంపమంటే నిమిషంలో ఫోటో పంపింది. వేలితో కదిపితే అది ఒకసారి ఏనుగంత, ఒకసారి చీమంత అవుతోంది. అరచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మా ఇంటామెకు ఫోన్ చేసి నీ చెప్పులెట్లున్నయని అడిగాను.

"అరిగినయి. ఇయ్యాల యాదికొచ్చినయా?"

కొలత పంపమన్నాను.

"ఏడో నంబరు," అంది.

నంబరులో మడమ పగుళ్లు కనిపించవు.