దెబ్బ తగలని తల

ఆ రోజు పొద్దున్న ఒక జాకెట్టుకి చేతులు కత్తిరించి బల్ల మీద పెట్టాను. రెండూ ఎడమ చేతులే. ఇన్నేళ్ల కుట్టుపనిలో ఎప్పుడూ అలా జరగలేదు. మిగిలిన గుడ్డలోంచి జాగ్రత్తగా ఇంకొకటి కత్తిరించాను. అదీ ఎడమదే వచ్చింది.

మా ఆయన అక్క మా వీధిలోనే ఉంటుంది. నుదుటి మీద కట్టుతో వచ్చి, బల్ల వైపు చూసి ఒకటే నవ్వు.

"ఏటమ్మీ, మూడెడం సేతులున్నోలు రాయగడలో ఎవులున్నారే?"

నేనూ నవ్వబోయాను. వాంతి వచ్చింది.

అంతకు ముందు రోజు ఇద్దరం బోరిగుమ్మలో చుట్టాల ఇంటి నిశ్చితార్థానికి వెళ్లి, అద్దె కారు వెనక సీట్లో కూచుని తిరిగి వస్తున్నాం. ఘాటీలో, కొండదారి మలుపులో ఒక లారీ మా కారు వెనక మూలని గుద్దింది. కారు బొంగరంలా తిరిగి మట్టిగట్టుకి ఆనుకుని ఆగింది. వదిన బెల్టు పెట్టుకోలేదు. ముందు సీటుకి కొట్టుకుని నుదురు చిట్లింది. నేను పెట్టుకున్నాను. ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆసుపత్రిలో ఆవిడకి కుట్లు వేస్తూ డాక్టరు నన్నూ అడిగారు: "తలకి దెబ్బ తగిలిందా?" లేదన్నాను. నిజమే చెప్పాను. పైగా ఏడుస్తున్న వదినకి పాఠం కూడా చెప్పాను: మెదడు నీళ్లలో తేలుతుంది, చుట్టూ గట్టి పుర్రె ఉంటుంది, దెబ్బ పైపైనే ఆగిపోతుంది అని. లైబ్రరీ పుస్తకంలో చదివిన సంగతే అది.

నా చదువు గురించి కాస్త చెప్పాలి. బడిలో ఒడియా మీడియం, అదీ ఏడో తరగతి వరకే. ఇంట్లో మాట తెలుగే గాని, అక్షరం ముక్క రాదు. పెళ్లయ్యాక టౌన్ లైబ్రరీలో పిల్లల వాచకం ముందు పెట్టుకుని, ఎవరూ నేర్పకుండా తెలుగు నేర్చుకున్నాను. ఆ తర్వాత కథలు, శరీరశాస్త్రం, నక్షత్రాలు, ఏది దొరికితే అది. మా వీధిలో తెలుగు ఉత్తరం వస్తే నా దగ్గరికే తెచ్చేవారు. నా ఆస్తి అదే.

వాంతి తగ్గాక, పడుకుని చదువుకుందామని పుస్తకం తెరిచాను. ప, వ, మ మూడూ ఒకేలా ఉన్నాయి. వరుస చివరికి వచ్చేసరికి మొదలు గుర్తులేదు. గోడ మీది ఒడియా క్యాలెండరు చూశాను. మెల్లగా చదవగలిగాను. మళ్లీ పుస్తకం చూశాను. తెలుగు అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కారు తిరుగుతున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

వెంటనే సీటీ స్కాన్ తీయించాం. "సీటీ నార్మల్. రెస్ట్ తీసుకోండి," అన్నారు. రెస్ట్ తీసుకున్నాను. కుక్కరు విజిల్‌కి తల పగిలేది. వెలుతురు కళ్లలో గుచ్చుకునేది. వదిన కుట్లు విప్పారు, ఆవిడ బజారుకి కూడా వెళ్లొస్తోంది. నేను చీకటి గదిలోనే ఉన్నాను.

మా ఆయన మునిసిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పని చేస్తారు. ఆయనకేమీ అంతుబట్టలేదు. "నార్మలన్నారు కదే, మరేటి నొప్పి?" అని విసుక్కున్నారు.

వదిన ఊరుకోలేదు. "నాకు నెత్తురొచ్చింది, అందరూ సూసేరు. దీనికి లోపలేటయ్యిందో ఎవులు సూసేరు? కోరాపుట్ తీసుకెళ్తావా, నన్ను తీసుకెళ్లమంతావా?" అని తమ్ముణ్ణి నిలదీసింది.

కోరాపుట్‌లో న్యూరాలజీ డాక్టరు నా తల ముట్టుకోలేదు. ముందు అడిగిన మాట ఇది: "కారు ఎటు తిరిగింది?" అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. ఎమ్మారై తీశారు. తెర మీద లోలోపల సన్నని నల్లచుక్కలు. "డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ. మైల్డే. ఇంత చిన్నవి సీటీలో కనపడకపోవచ్చు," అన్నారు.

"కానీ సార్, నా తల దేనికీ తగల్లేదు," అన్నాను.

"తగలక్కర్లేదు. రొటేషన్ చాలు. బెల్టు మీ ఒంటిని పట్టుకుంది, మీ ప్రాణం కాపాడింది. తల మాత్రం గిర్రున తిరిగి చటుక్కున ఆగింది. లోపల మెదడు అదే క్షణంలో ఆగలేదు. ఆ మెలికలో నరాల తీగలు సాగిపోయాయి."

తర్వాత ఆలోచిస్తే నా కత్తెర బల్ల దగ్గరే అర్థమైంది. గుడ్డని నిలువు పోగు మీద లాగితే నిలుస్తుంది. అదే గుడ్డని క్రాస్‌లో, ఏటవాలుగా లాగితే సాగి రూపు మారిపోతుంది. మెదడూ అంతేనట. నొక్కుడికి తట్టుకుంటుంది గాని, పొర మీద పొర జారే లాగుడికి తట్టుకోలేదు. తలకి నేరుగా తగిలే దెబ్బ గురించే నేను చదివాను. ఈ మెలి గురించి ఆ పుస్తకంలో లేదు.

"తెలుగు తిరిగి వస్తుందా?" అని అడిగాను. ఆయన తొందరపడి మాట ఇవ్వలేదు. "చిన్నప్పటిది గట్టిగా ఉంటుంది. పెద్దయ్యాక నేర్చుకున్నదానికి ఎక్కువ శ్రమ కావాలి. మెల్లగా చూద్దాం," అన్నారు.

మందులకన్నా నియమాలే ఎక్కువ. ఫోను చూడకూడదు, మిషను తొక్కకూడదు, తల తిరుగుడికి ఎక్సర్‌సైజులు. చదువు మాత్రం నొప్పి మొదలయ్యేలోపే ఆపాలి. కాస్త నయమనిపించగానే లైబ్రరీకి పోయి పట్టుదలగా రెండు పేజీలు చదివాను. ఇంటికి నడిచి రాలేకపోయాను, మళ్లీ మంచం ఎక్కాను. "పరీక్ష రాస్తున్నావా అమ్మా?" అని డాక్టరు కోప్పడ్డారు. ఆ తర్వాత పొద్దున్నే ఒక్క వరుస. వదిన పక్కన కూచుని కింది వరుసలన్నీ అట్టముక్కతో మూసేది. ఆవిడకి ఏ అక్షరమూ రాదు. "సాలు, మొహం మారింది, మూసెయ్," అనేది. ఎప్పుడూ సరిగ్గానే ఆపేది.

ఇప్పుడు మిషను తొక్కుతున్నాను, కుట్టుపని బేరాలు తగ్గించుకున్నాను. సంత రోజున బయటికి వెళ్లను, ఆ గోల పడదు. వ, మ ఇంకా అప్పుడప్పుడు తారుమారవుతాయి. ఇది రాయడానికి చాలా పొద్దులు పట్టింది గాని, మొత్తం తెలుగులోనే, నా చేత్తోనే రాశాను.

ప్రమాదం తర్వాత ఒంటి మీద గాయం లేదని ఇంటికి వచ్చెయ్యకండి. తలకి తగిలిందా అని ఆసుపత్రిలో అడిగితే, లేదు అని ఊరుకోకండి. బండి ఎటు తిరిగిందో, తల ఎలా ఊగిందో చెప్పండి.